పొగ కంటి మీద టోపీ

41వ రోజు. భరణి కార్తె ఆఖరు.

మంటల కాపలాగా నా ఉదయం తనిఖీ అయింది. మంటలార్పే గ్యాసు సీసాలు ఎనిమిదీ నిండుగా ఉన్నాయి. ముళ్ళన్నీ పచ్చగీత మీదే ఉన్నాయి. గదిగదికీ వెళ్ళి వేడి తీగలు నొక్కి చూశాను, గంట మోగింది. మూడో గది పొగ కన్ను మీద దుమ్ము ఉంటే తుడిచాను. నాలుగో గది పొగ కన్ను మీద టోపీ ఉంది.

పసిపిల్ల టోపీ, నీలం ఊలుది. పైకప్పుకి బోర్లించిన గిన్నెలా ఉండే ఆ కంటికి కొలత తీసి అల్లినట్టు సరిపోయింది.

దాని కింద స్రవంతి కాళ్ళు చాపుకుని కూర్చుంది. ముందు మట్టి మూకుడులో నిప్పులు, మూకుడు మీద బోర్లించిన వెదురుబుట్ట, బుట్ట మీద అప్పుడే తలంటి పోసిన మూడు నెలల కూతురు. గది నిండా సాంబ్రాణి పొగ.

"నిప్పులెక్కడియ్యే?" అన్నాను.

"కొబ్బరి చిప్పల బొగ్గు పిన్నీ. ట్రంకుపెట్టెలో తెచ్చుకున్నా. వంటగదిలో కాయిల్ మీద ఎర్రగా చేసుకొచ్చా."

"ఆ టోపీ?"

"పొగేస్తే గంట మోగుద్ది కదా. అందుకని."

"ఎన్నాళ్ళ నుంచి?"

స్రవంతి తల దించుకుంది. కింది మంచంలో వక్క నములుతున్న వీరనాగమ్మ అందుకుంది. ఆవిడ స్రవంతి మొగుడికి నాయనమ్మ. ఎనభై దాటాయి, మోకాళ్ళు పనిచెయ్యవు.

"పైకొచ్చిన కాడ నుంచీ. అయితే ఏందంట? పిల్ల తల తడారొద్దా? బయట మంచు, లోపల చలి. జలుబు చేస్తే నీ సీసాలో గ్యాసు పట్టిస్తావా ఏంది దానికి?"

వద్దంటే మానరు. నేను అటు తిరగ్గానే మళ్ళీ కప్పుతారు, తర్వాత తియ్యడం మరిచిపోతారు. అందుకని ఒక కట్టుబాటు చేశాను. టోపీ నా దగ్గర ఉంటుంది. పొగ వేసేటప్పుడు నన్ను పిలవాలి. నేనే పెడతాను, అయిందాకా అక్కడే కూర్చుంటాను, నేనే తీస్తాను. పెట్టిన వేళ, తీసిన వేళ ఈ పుస్తకంలో రాస్తాను.

"పేరంటానికి పిలిచినట్టు పిలవాలా నిన్ను?" అంది వీరనాగమ్మ.

"పిలవండి. వస్తా," అన్నాను.

వేసవి దాటేదాకా ఊరంతా చలిబండిలో పైకి వచ్చి ఉన్నాం. కింద మా ఊరు రాళ్ళవాగులో నిన్న యాభై నాలుగు డిగ్రీలట.

44వ రోజు. కృత్తిక.

చలిబండి నడిపే మస్తాన్ వలి ముందు గదికి పిలిచాడు. మా ఊరివాడే. వాళ్ళ నాన్న దూదేకేవాడు. చలిబండ్ల కేంద్రం నుంచి ఉత్తర్వు వచ్చిందని చదివి వినిపించాడు.

ఈ ఏడు ఎక్కేటప్పుడే గంటలూ దీపాలూ ఉండే మంటల పలక వెనక ఒక పెట్టె బిగించి పంపారు. ఇన్నాళ్ళూ అది ఊరికే ఉంది. నలభై ఏడో రోజు నుంచి దాన్ని కింద నుంచే మేల్కొలుపుతారు. ఆ తర్వాత ఏ గదిలో పొగ కన్ను గంట కొట్టినా, ఇరవై సెకన్లకి ఆ గది తలుపు దానంతట అది బిగుసుకుంటుంది, సీసా దానంతట అది పేలుతుంది.

"లోపల మనుషులుంటే?" అన్నాను.

"ఇరవై సెకన్లలో బయటికొస్తారంట అక్కా. లెక్క కట్టారంట."

మంటకి గాలి లేకుండా చెయ్యడమే ఆ గ్యాసు పని. మనిషికీ అంతే.

ఇప్పుడు మేం చేసేది ఇది. గంట మోగితే నేను ఆ గది తలుపు దగ్గరికి వెళ్ళి ఎడమచేత్తో సీసా తెరిచే ఎర్ర లివరు పట్టుకుంటాను. కుడిచెయ్యి తలుపులో చాపుతాను. లోపలివాళ్ళు ఒక్కొక్కరూ బయటికి వస్తూ నా అరచేతి మీద ఒక దెబ్బ వెయ్యాలి. చంకలో పిల్ల ఉంటే రెండు. పొగలో కళ్ళు కనపడవు కాబట్టి చేత్తో లెక్క. లెక్క సరిపోయాక తలుపు మూసి లివరు లాగుతాను. వారానికి ఒకసారి అందరిచేతా ఇది చేయిస్తాను. పిల్లలకి ఇది ఆట. పెద్దవాళ్ళకి విసుగు.

ఉత్తర్వు ఊరికే రాలేదు. పోయిన వేసవిలో పన్నెండో నంబరు చలిబండిలో మంట అంటుకుని నలభై ఒక్కమంది పోయారు. అక్కడి కాపలా పోతురాజు. నాతోపాటే శిక్షణ తీసుకున్నాడు. లివరు లాగకుండా ఎవరికోసమో ఆగాడని విచారణలో తేల్చారు. అతను లివరు దగ్గరే దొరికాడు.

ఇది నాకు తెలుసు. రాత్రంతా దీని గురించే ఆలోచించాను.

46వ రోజు.

పలక వెనక్కి వెళ్ళి పెట్టె నుంచి సీసాలకి పోయే తీగ ఊడదీశాను. దాని చివర బొటనవేలంత ప్లగ్గు ఉంది. తీసి కొంగున ముడి వేసుకున్నాను. లివరు తీగ వేరు, దాన్ని ముట్టుకోలేదు. ఎనిమిది లివర్లూ పరీక్ష దీపంతో చూశాను. బాగున్నాయి.

ఎవరికీ చెప్పకుండా చెయ్యలేదు. వలీకి చెప్పి చేశాను.

"నాకేం చెప్పలేదనుకుంటా అక్కా," అన్నాడు.

"చెప్పాననే రాస్తన్నా," అన్నాను.

49వ రోజు.

ప్లగ్గు లేకపోతే కేంద్రంలో ఎర్రదీపం వెలుగుతుందట. ప్రణీత్ అనే ఇంజినీరు రేడియోలో మాట్లాడాడు. చిన్నవాడిలా ఉన్నాడు. మర్యాదగానే మాట్లాడాడు.

"ఆదెమ్మ గారూ, మీ నాలుగో గదిలో పొగ కన్ను రోజు విడిచి రోజు పావుగంట గుడ్డిదవుతోంది. ఎందుకు?"

టోపీ సంగతి చెప్పాను.

"అందుకే మనుషుల్ని నమ్మలేమండీ," అన్నాడు.

"మనుషులే కదండీ లోపల పడుకునేది," అన్నాను.

సాయంత్రం కాగితం వచ్చింది. వారంలోగా ప్లగ్గు పెట్టకపోతే వచ్చే వేసవికి రాళ్ళవాగుకి చలిబండి లేదు.

52వ రోజు.

అన్నిటికంటే పెద్దదైన ఒకటో గదిలో ఊరంతా కూర్చున్నారు. చోటు చాలక పిల్లల్ని పై మంచాల మీదికి ఎక్కించారు.

మూడేళ్ళ కిందట చలిబండి పదకొండు రోజులు ఆలస్యంగా వచ్చింది. ఆ పదకొండు రోజుల్లో ఊళ్ళో పదిహేడు మంది ఎండకి పోయారు. కనకయ్య భార్య అందులో ఒకతె. అందుకే మొదట అతనే లేచాడు.

"ఆదెమ్మక్కా, ఓ తీగముక్క కోసం ఊరిని ఎండలో పెడతావా?"

"పెట్టేది నేను కాదు కనకయ్యా."

"ఎవరైతే ఏంది? పోయేది మనమే కదా. ఇరవై సెకన్లంట. గబగబా వస్తే సరిపోద్ది."

"నీ గదిలో నీకు సరిపోద్ది. నాలుగో గదిలో?"

నాలుగోది చిన్న గది, పన్నెండు మంది. మోకాళ్ళు పనిచెయ్యని ముసలమ్మ ఒకరు, పసిపిల్ల ఒకతె.

అక్కడా ఇక్కడా గొణుగుడు మొదలైంది. ఎవరో వెనక నుంచి, "ఇద్దరి కోసం మూడొందల నలభై మందా?" అన్నారు. ఎవరో తెలుసు, రాయను.

నేను కొంగు ముడి విప్పి ప్లగ్గు అరచేతిలో పెట్టుకుని చాపాను.

"ఎవరైనా వచ్చి తీసుకుపోండి. పలక తలుపు తెరిచే ఉంది, పెట్టడం చూపిస్తా. పెట్టినవాళ్ళు ఈ రాత్రి నుంచి నాలుగో గదిలో కింది మంచం మీద పడుకోవాలి. వీరనాగమ్మ పెద్దమ్మకి వాళ్ళ మంచం ఇవ్వాలి. అంతే."

కనకయ్య లేచి దగ్గరికి వచ్చాడు. ప్లగ్గు కేసి చూశాడు. చేతికి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. మళ్ళీ నా చేతిలో పెట్టి వెళ్ళి కూర్చున్నాడు.

"ఏంరా, బరువుగా ఉందా?" అంది వీరనాగమ్మ.

ఏమీ తేలకుండానే లేచారు.

58వ రోజు. రోహిణి.

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఉదయం 9:10. స్రవంతి పిలిచింది. నాలుగో గది పొగ కన్నుకి టోపీ పెట్టాను. 9:25. సాంబ్రాణి వెయ్యడం అయింది. టోపీ తియ్యడానికి లేస్తుండగా స్పీకర్లో వలీ పిలిచాడు. కేంద్రం లైన్లో ఉంది, వెంటనే రమ్మన్నాడు. వెళ్ళాను. టోపీ తియ్యలేదు.

ప్రణీత్ గడువు దాటిందన్నాడు. నేను వాదించాను. ఒక మాట అన్నాను, అది కూడా రాస్తాను. "మీ పెట్టె కంటే నా కన్ను నమ్మకం బాబూ" అన్నాను. ఆ మాట అనే వేళకి టోపీ అక్కడే ఉంది.

స్రవంతి పిల్లని వీరనాగమ్మ పక్కలో పడుకోబెట్టి, తడిబట్టలు పిండడానికి వెళ్ళింది. వెళ్ళేముందు మూకుడుని మంచం కిందికి నెట్టింది. ఇంటి దగ్గర అందరం చేసే పనే. ఇంటి దగ్గర మంచం కింద మట్టి నేల ఉంటుంది. ఇక్కడ మంచం కింద మడిచిన బొంతలున్నాయి.

బొంత మంటగా లేవలేదు, లోలోపల రాజుకుంది. సాంబ్రాణి పొగలో ఆ పొగ ఎవరికీ వేరుగా తెలియలేదు. చూడాల్సిన కన్ను టోపీ కింద ఉంది.

9:48. వేడి తీగ గంట కొట్టింది. రెండు తీగలూ ఒకేసారి. అంటే మంటే.

నేను తలుపు దగ్గరికి చేరేసరికి గది నల్లగా ఉంది. దగ్గులు వినపడుతున్నాయి. లివరు పట్టుకుని చెయ్యి చాపాను. స్రవంతి బయట ఉంది కాబట్టి లోపల పదకొండు మంది. దెబ్బలు పడ్డాయి. ఒకటి, రెండు, మూడు. నాలుగో దెబ్బ వేసింది పిల్లవాడు, ఆటలోలాగే గట్టిగా వేశాడు. ఎనిమిది. తొమ్మిది.

తర్వాత ఎవరూ రాలేదు.

స్పీకర్లో వలీ, "అక్కా, లాగు. అక్కా, పక్క గది తీగ కూడా వేడెక్కుతోంది," అన్నాడు. ఐదో గదిలో నలభై మంది ఉన్నారు. స్రవంతి పరుగెత్తుకొచ్చి లోపలికి దూరబోయింది. కనకయ్య ఆమెని నడుము పట్టి ఆపాడు. నేను వెళ్దామనుకున్నాను. వెళ్తే లివరు దగ్గర ఎవరూ ఉండరు. పోతురాజు గుర్తొచ్చాడు. అతను కూడా ఇలాగే చెయ్యి చాపి నిలబడి ఉంటాడు.

"పెద్దమ్మా!" అని అరిచాను. లోపల నేల మీద ఏదో రాసుకుంటూ వస్తున్న చప్పుడు. మోకాళ్ళ దగ్గర, తలుపు అడుగున, నా చేతికి ఒక చెయ్యి తగిలింది. పైకి అందక నా వేళ్ళ చివర కొట్టింది.

"ఒకటి నాది. ఒకటి దీనిది," అంది. కూర్చున్న చోటు నుంచి లేవలేని మనిషి, పిల్లని కొంగులో కట్టుకుని పిరుదుల మీద జరుగుతూ వచ్చింది.

కనకయ్య ఇద్దర్నీ బయటికి లాగాడు. పదకొండు. తలుపు మూసి లివరు లాగాను. సీసా పేలింది. కిటికీలోంచి చూస్తుండగానే ఎర్రదనం పోయింది. రెండో సీసా అక్కర్లేకపోయింది.

గంట మోగిన దగ్గర నుంచి లివరు దాకా, వలీ గడియారం చూసి చెప్పింది, డెబ్బై రెండు సెకన్లు.

పిల్ల దగ్గింది, ఏడ్చింది, పాలు తాగింది. వీరనాగమ్మకి మోచేతులు కాలాయి.

59వ రోజు.

వలీ పుస్తకం చదివాడు.

"అక్కా, డెబ్బై రెండు అని ఎందుకు? గడియారం నేను చూశా, నువ్వు చూడలేదు. పద్దెనిమిది అని రాయి. పెట్టె కంటే మనమే ముందున్నట్టు ఉంటది."

"డెబ్బై రెండే."

"పోనీ ఆ టోపీ సంగతి తీసెయ్. అది వాళ్ళ చేతికి కర్రిచ్చినట్టే."

"కొట్టనీ. తప్పు నాదే కదా."

"తప్పు నీదైతే ప్లగ్గు ఎందుకియ్యవు మరి?"

ఈ ప్రశ్న గురించి చాలాసేపు ఆలోచించాను. టోపీ లేకపోతే పొగ కన్ను 9:30కే గంట కొట్టేది. నిజం. మంట మొదట్లోనే దొరికేది. అదీ నిజం. అప్పుడు నేను వెళ్ళి చెంబెడు నీళ్ళు పోసేదాన్ని. అదే ప్లగ్గు పెట్టి ఉంటే, చెంబెడు నీళ్ళతో ఆరిపోయే ఆ పొగకి ఇరవై సెకన్లలో తలుపు బిగుసుకునేది. వీరనాగమ్మ మంచం దిగడానికే అరనిమిషం పడుతుంది.

నేను మరిచిపోయాను. మరిచిపోయినందుకు శిక్ష వేస్తే నాకు వెయ్యాలి, ఆవిడకి కాదు.

పుస్తకం ఉన్నది ఉన్నట్టు కేంద్రానికి పంపాను.

60వ రోజు.

టోపీకి పది గజాల నూలుతాడు కట్టాను. రెండో కొస నా మణికట్టుకి. టోపీ పెట్టాక నేను తలుపు దాటితే అది ఊడి నా వెంట వస్తుంది. మూడుసార్లు వెళ్ళి చూశాను, మూడుసార్లూ ఊడింది.

"ఆవుని కట్టేసినట్టు కట్టేసుకున్నావే," అంది వీరనాగమ్మ. మోచేతులకి మందు రాసి గుడ్డ చుట్టి ఉన్నాయి. మూకుడుకి వలీ ఒక రేకు మూత చేసి ఇచ్చాడు. బొంతలన్నీ పై మంచాల మీదికి చేరాయి.

71వ రోజు. మృగశిర.

దిగాం. మొదటి వాన పడి నాలుగు రోజులైందట. నేల మెత్తగా ఉంది. అందరూ తలుపులోంచి దిగుతూ అలవాటుగా నా అరచేతి మీద కొట్టి పోయారు. మూడు వందల నలభై.

ప్రణీత్ గారు కింద ఎదురుచూస్తున్నారు. ముప్పై ఏళ్ళుంటాయి. బూట్లకి బురద. చేతిలో నా పుస్తకం నకలు.

"టోపీ తియ్యడం మరిచింది మీరేనని మీరు రాయకపోతే మాకు తెలిసేది కాదు," అన్నారు.

"తెలియాలనే రాశా."

"దీన్ని బట్టి పెట్టె ఎంత అవసరమో మీరే రుజువు చేశారు, ఆదెమ్మ గారూ. ప్లగ్గు ఇవ్వండి."

"ఇరవై సెకన్లని ఎట్టా తేల్చారు బాబూ?"

"ప్రయోగం చేశాం. ఇదే కొలతల గది, పన్నెండు మంది."

"ఎవరు?"

"మా ఆఫీసు వాళ్ళే."

"ముసలోళ్ళెవరన్నా?"

ఆయన నకలు కాగితాలు తిరగేశారు.

"నాలుగో గది సీసా ఎట్టాగూ ఖాళీ. ఒక్కసారి లోపల కూర్చుని చూడండి," అన్నాను.

ఆయన ఊరందరి వంక చూశారు. వద్దనడానికి వీల్లేకపోయింది. బూట్లు విప్పి ఎక్కారు. వీరనాగమ్మని ఇద్దరు మోసుకొచ్చి కింది మంచం మీద పడుకోబెట్టారు. పక్కన పిల్ల. దీపం ఆర్పాను. నేను తలుపు దగ్గర చెయ్యి చాపి నిలబడ్డాను. వలీ గడియారం పట్టుకున్నాడు. కనకయ్య గంట కొట్టాడు.

లోపల తల దేనికో కొట్టుకున్న చప్పుడు.

"అబ్బాయ్, అటు కాదు, ఇటు. నా చంకల కింద చేతులెయ్యి. పిల్ల! ముందు పిల్లని పట్టుకో."

"ఎలా పట్టుకోనమ్మా, చేతులు రెండే కదా?"

"నాకూ రెండే. నేను తేలేదా?"

"పదిహేను," అన్నాడు వలీ. తర్వాత, "ఇరవై."

నేను తలుపు మూశాను.

మూయడం ఎవరికీ ముందు చెప్పలేదు. పెట్టె చేసే పనే చేశాను. బయట ఎవరూ కదల్లేదు. లోపల నుంచి ఆయన అడుగులు తలుపు దాకా వచ్చి ఆగాయి. తలుపు మీద చెయ్యి పడింది. ఒకసారి తోశారు. మళ్ళీ తోశారు. చీకట్లో పిల్ల ఏడుపు అందుకుంది.

తర్వాత వీరనాగమ్మ గొంతు, తలుపుకి బాగా దగ్గరగా, ఆయన వీపు మీద నుంచి కాబోలు.

"మూసేశారా? సరే. ఇప్పుడేం చేద్దాం బాబూ?"

ఆయన ఏం చెప్పారో వినపడలేదు.

తలుపు తీశాను. ఆయన వీపు మీద ముసలమ్మ, చంకలో పిల్ల, నుదుటి మీద బొప్పి. బయటికి అడుగు వేసి ఆగారు. నా చెయ్యి ఇంకా చాపే ఉంది. దాని కేసి చూశారు. పిల్లని ఆ చంకలోంచి ఈ చంకలోకి మార్చుకుని, నా అరచేతి మీద కొట్టారు. ఒకటి. రెండు. మూడు.

"ముప్పై ఏడు," అన్నాడు వలీ. "తలుపు మీద చెయ్యి పడేసరికి. పొగ లేకుండా."

ముసలమ్మని దింపాక ఆయన మెట్టు మీద కూర్చుని చాలాసేపు బూట్లు తొడుక్కున్నారు.

పుస్తకం తెరిచి ముందు పెట్టాను. రాసింది ఇది: నాలుగో గది. మృగశిర. మంట లేదు, పొగ లేదు. ముగ్గురు. ముప్పై ఏడు సెకన్లు. మోసినవారు ప్రణీత్ గారు. ఇరవై దగ్గర తలుపు మూసినవారు ఆదెమ్మ.

ఆయన రెండుసార్లు చదివారు. సంతకం చేశారు. వచ్చే వేసవికి చలిబండి వస్తుందో రాదో చెప్పలేదు. నేను అడగలేదు. ప్లగ్గు ఆయన అడగలేదు, నేను ఇవ్వలేదు.

సాయంత్రం తనిఖీ. ఏడు సీసాలు నిండుగా ఉన్నాయి. నాలుగో గదిది నింపించాలి. లివర్లు ఎనిమిదీ బాగున్నాయి. ప్లగ్గు కొంగున ఉంది.